బొగ్గు రైలు, రొయ్యల చెరువు, 25 కోట్ల ఏళ్ళ కిందటి చావు

పొందూరు వైపు ఒక పల్లె రోడ్డు మీద రైల్వే గేటు ఉంది. అది పడిందంటే పావుగంట పోయినట్టే. బళ్ళు ఆపుకుని ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటారు. బడి పిల్లలు మాత్రం బోగీలు లెక్కపెడతారు. బొగ్గు రైలైతే యాభై ఎనిమిది, చివర గార్డు పెట్టె. ఒడిశాలో తాల్చేరు గనుల దగ్గర ఎక్కిన బొగ్గు పలాస మీదుగా ఇటు దిగి, పరవాడ దగ్గర థర్మల్ స్టేషన్‌కి పోతుంది. మన ఇళ్ళలో ఫ్యాన్లు తిరిగేది కొంతవరకు దాని పుణ్యానే.

బొగ్గంటే ఒకప్పటి చెట్లని ఆ పిల్లలకి తెలుసు. ఏ చెట్లని అడిగితే మాత్రం పెద్దవాళ్ళకీ తెలియదు. తాల్చేరు బొగ్గు, సింగరేణి బొగ్గు, రాణీగంజ్ బొగ్గు, అన్నిట్లోనూ ప్రధానంగా ఉన్నది గ్లోసోప్టెరిస్ అనే చెట్టు. దాని ఆకు నాలుక ఆకారంలో ఉండేది, పేరుకి అర్థం కూడా అదే. ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా ఒకే ముద్దగా అతుక్కుని ఉన్న రోజుల్లో ఆ నేలంతా ఈ అడవే. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచులో చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర 16 కిలోల రాళ్ళు దొరికాయి. ఆకలితో, గడ్డకట్టిన కాళ్ళతో నడుస్తూ కూడా వాళ్ళు వదలకుండా మోసుకొచ్చిన ఆ రాళ్ళలో ఈ ఆకు అచ్చులున్నాయి. మన గేటు ముందు నుంచి పోయే సరుకూ, వాళ్ళు మోసిందీ ఒకే అడవిది.

కోట్ల ఏళ్ళు ఏలిన ఆ అడవి 25.2 కోట్ల ఏళ్ళ కిందట పోయింది. దానితోపాటు సముద్రంలో ఉన్న జీవజాతుల్లో నూటికి ఎనభై నుంచి తొంభై పైగా పోయాయి. పెర్మియన్ యుగం ముగిసిన ఆ ఘట్టాన్ని శాస్త్రవేత్తలు ‘మహా మరణం’ అంటారు. భూమ్మీద జంతువులకి తెలిసినంతలో అంత పెద్ద దెబ్బ ఇంకెప్పుడూ తగల్లేదు. ఆ చావులో బొగ్గుకి కూడా చెయ్యి ఉంది. ఎలాగో చెప్పడానికే ఇదంతా.

ముందొక మాట. జాతులు అంతరించడం వింతేమీ కాదు. భూమ్మీద ఇప్పటిదాకా పుట్టిన జాతుల్లో నూటికి 99 ఇప్పుడు లేవు. ఒకటి పోతుంటే ఇంకోటి వస్తుంటుంది, పెద్దింట్లో ముసలివాళ్ళు పోతూ మనవలు పుడుతున్నట్టు. ఆ మాత్రం సంగతి ఒప్పించడానికి కూడా 1796లో పారిస్‌లో కువియే అనే ఆయన ఏనుగు దవడ పక్కన మామత్ అనే అంతరించిన ఏనుగు జాతి దవడ పెట్టి చూపించాల్సి వచ్చింది. అసలు చిక్కు ఎప్పుడంటే, పోవడం మరీ ఎక్కువై రావడం దాన్ని అందుకోలేకపోయినప్పుడు. జాతుల్లో ఇంచుమించు నాలుగింట మూడొంతులు తక్కువ కాలంలో పోతే దాన్ని మహా వినాశనం అంటారు. 1982లో రౌప్, సెప్‌కోస్కీ అనే ఇద్దరు సముద్ర శిలాజాల లెక్కలు వేసి అలాంటివి ఐదు తేల్చారు. 44.5 కోట్ల ఏళ్ళ కిందట ఒకటి, 37.2 కోట్ల దగ్గర ఒకటి, 25.2 కోట్ల దగ్గర మహా మరణం, 20.1 కోట్ల దగ్గర ఇంకోటి, 6.6 కోట్ల దగ్గర డైనోసార్లది.

వీటి ఆనవాళ్ళ కోసం మన కొండలెక్కితే మాత్రం ఏమీ దొరకదు. సాలూరు, పార్వతీపురం, గరివిడి చుట్టూ ఉన్న తూర్పు కనుమల రాయి ఎక్కువగా ఖోండలైట్. కొండ మీద ఉండే ఖోండు జనం పేరే దానికి పెట్టారు. అది భూమి లోపల ఉడికి గట్టిపడి దాదాపు వంద కోట్ల ఏళ్ళయింది. కంటికి కనపడే జంతువు భూమ్మీద అప్పటికింకా పుట్టలేదు. టెక్కలి గ్రానైట్ ఎంత నునుపుగా కోసినా అందులో గవ్వ కనపడదు. పుస్తకం మన దగ్గరే ఉంది కానీ కథ మొదలవ్వక ముందే దాని పేజీలు అయిపోయాయి.

మహా మరణం కథ బాగా చదవగలిగే చోటు చైనాలో మెయ్‌షాన్ అనే ఊరి రాతి గని. అక్కడి బూడిద పొరల్లోని చిన్న స్ఫటికాలతో కాలం లెక్కకట్టి, చావు మొత్తం సుమారు 60 వేల ఏళ్ళలో ముగిసిందని 2014లో తేల్చారు. భూమికి అది కనురెప్పపాటు.

అదే కాలంలో సైబీరియాలో నేల బద్దలైంది. మనం సినిమాల్లో చూసే కొండ నోట్లోంచి మంట కక్కే రకం కాదు. నేల పొడవునా పగుళ్ళు విచ్చి, శిలాద్రవం వరదలా పొంగి, ముప్ఫై నలభై లక్షల ఘనపు కిలోమీటర్ల మేర పరుచుకుంది. ఇంత లావా కాబట్టి అంతా చచ్చిపోయాయి అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నాకు నచ్చనిది అదే. లావా నడిచి వచ్చి చంపేది దాని దారిలో ఉన్నవాటినే. సైబీరియాలో లావా పారితే చైనా సముద్రంలో గవ్వ ఎందుకు చావాలి?

పైగా తేదీలు దగ్గరపెట్టి చూస్తే ఇంకో వింత బయటపడింది. లావా పైకి పొంగడం మొదలయ్యాక దాదాపు మూడు లక్షల ఏళ్ళు పెద్దగా ఏ చావూ లేదు. పైన గట్టిపడ్డ లావా మూతలా పడ్డాక, కింది నుంచి వస్తున్న శిలాద్రవానికి దారి లేక భూమి పొరల మధ్య అడ్డంగా పాకింది. సరిగ్గా అప్పుడే చావు మొదలైంది. ఎందుకంటే ఆ పొరల్లో ఉన్నవి సున్నపురాయి, ఉప్పు, చమురు, మందంగా పేరుకున్న బొగ్గు. నాగావళి ఒడ్డున ఇటుక బట్టీ చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బయట మంట పెద్దగా కనపడదు, లోపల వరస వరస మధ్య నిప్పు పాకుతుంది, పై నుంచి పొగ ఆగకుండా వస్తుంది. సైబీరియా కింద అలాంటి బట్టీ వేల కిలోమీటర్ల మేర రగిలింది. మన థర్మల్ స్టేషన్ గొట్టంలోంచి వచ్చే బూడిదలాంటి రేణువులు ఆ కాలపు రాళ్ళలో కెనడా ఉత్తరాన దొరికాయి. గాలిలోకి ఎక్కిన కార్బన్ డయాక్సైడ్ భూమిని పది డిగ్రీల దాకా వేడెక్కించింది. భూమధ్యరేఖ దగ్గర సముద్రం పైనీళ్ళు దాదాపు 40 డిగ్రీలకి చేరాయని అప్పటి శిలాజాలు చెబుతున్నాయి. స్నానానికి కాచుకున్న నీళ్ళన్నమాట.

వేడికి చేపలు ఉడికిపోయాయనుకుంటాం. అదీ సగమే నిజం. అసలు సంగతి నాకు పుస్తకంలో కంటే ముందు రొయ్యల చెరువు గట్టు మీద అర్థమైంది.

మా తోడల్లుడికి పూసపాటిరేగ వైపు రెండు చెరువులున్నాయి, వనామి వేస్తాడు. ఒక ఏప్రిల్ రాత్రి నేనూ అక్కడే పడుకున్నాను. రెండున్నరకి కరెంటు పోయింది. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. అంతసేపూ ఆ చప్పుడులో నిద్రపోయినవాళ్ళం, చప్పుడు ఆగేసరికి దిగ్గున లేచాం. జనరేటర్ మొరాయించింది. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు ముంచి చూస్తే 2 దగ్గరుంది, ఉండాల్సింది 4 పైన. టార్చి వేస్తే గట్టు పొడవునా ఎర్రటి చుక్కలు. అవన్నీ రొయ్యల కళ్ళు. అడుగున ఊపిరాడక ఒడ్డుకి, పైకి చేరాయి. చేత్తో తీసుకోవచ్చు, కదలవు. తోడల్లుడు తాడు లాగుతూనే ఉన్నాడు, చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇరవై నిమిషాలకి ఇంజన్ అందుకుంది. ఆ టెన్షన్ తగ్గాక టీ తాగుతూ అన్నాడు: “అన్నయ్యా, నీళ్ళు వేడెక్కితే రొయ్యకి గాలి ఎక్కువ కావాలి. వేడి నీట్లోనేమో గాలి తక్కువుంటాది. ఏటి సేస్తాం చెప్పు.”

పరిశోధకులు పెద్ద పెద్ద లెక్కలతో తేల్చింది కూడా ఇదే. నీళ్ళు వేడెక్కిన కొద్దీ అందులో ఆక్సిజన్ కరగడం తగ్గుతుంది. అదే వేడికి జంతువు ఒంట్లో ఖర్చు పెరిగి ఆక్సిజన్ అవసరం ఎక్కువవుతుంది. జీతం తగ్గి ధరలు పెరిగినట్టు. అప్పటి సముద్రాలు తమ ఆక్సిజన్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు పోగొట్టుకున్నాయని, సముద్రంలో జరిగిన చావుల్లో సగానికి పైగా ఈ ఒక్క తిరకాసుతోనే వివరించవచ్చని 2018లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కంప్యూటర్ నమూనాతో చూపించారు. ఎక్కువ దెబ్బతిన్నవి ధ్రువాల వైపు చల్లటి నీళ్ళకి అలవాటు పడినవి. వేడి నీళ్ళవి చల్లటి వైపు జరగగలిగాయి, చల్లటివి ఎక్కడికి జరుగుతాయి?

పంట పట్టేశాక చెరువు ఎండగట్టినప్పుడు అడుగున నల్లమట్టి తేలుతుంది. దాన్ని కెలికితే కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది. ఆక్సిజన్ లేనిచోట బతికే బాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. రొయ్యకి విషం. మహా మరణం నాటి సముద్రాల్లో చాలాచోట్ల అడుగు ఇలాగే మారిందనడానికి రాళ్ళలో గుర్తులున్నాయి. దీనికి తోడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగి ఆమ్లమైంది, సున్నంతో పెంకు కట్టుకునేవాటికి పెంకు కట్టడమే కష్టమైంది. పగడాల్లో అప్పటి రకాలు ఒక్కటీ మిగల్లేదు. ఇన్ని కోట్ల ఏళ్ళు బతికిన ట్రైలోబైట్లు అనే పెంకు జీవులు, అప్పటికే చిక్కిపోయి ఉన్నవి, ఇక్కడితో సరి.

మిగతా నాలుగు వినాశనాల సంగతి తొందరగా చూద్దాం. మొదటిది చలి దెబ్బ. దక్షిణ ఖండాల మీద మంచు పేరుకుని సముద్రం వెనక్కి పోయింది, లోతు తక్కువ తీరాల్లో బతికే జీవులు గట్టున పడ్డాయి. రెండోదాంట్లో సముద్రాలకి ఆక్సిజన్ అందలేదన్నది ఖాయం, ఎందుకన్నదాని మీద వాదన తెగలేదు. నాలుగోది మళ్ళీ లావా కథే: అట్లాంటిక్ సముద్రం పుట్టడానికి నేల చీలినప్పుడు పొంగినది. ఐదింట్లో కనీసం మూడింటికి అటు ఇటుగా లావా వరదలున్నాయి.

ఆ మూడు లావా వరదల్లో చివరిది మన పక్కనే ఉంది. 6.6 కోట్ల ఏళ్ళ నాటి దక్కన్ లావా పడమటి కనుమల వైపు పుట్టి, వెయ్యి కిలోమీటర్లు పారి, బంగాళాఖాతం దాకా వచ్చింది. రాజమండ్రి దగ్గర కాతేరు క్వారీలో కనపడే నల్లరాయి అదే. లావా పొరకీ పొరకీ మధ్య సముద్రపు సూక్ష్మజీవుల శిలాజాలున్న సున్నపురాయి దొరుకుతుంది. ప్రిన్‌స్టన్‌కి చెందిన గెర్టా కెల్లర్ ఆ పొరల్ని చదివి, డైనోసార్ల చావుకి లావాదే పెద్ద పాత్ర అని ఏళ్ళ తరబడి వాదించారు. అటుపక్క వాదం ఉల్కది. 1980లో లూయీ అల్వారెజ్, ఆయన కొడుకు వాల్టర్, మరో ఇద్దరు కలిసి, ఇటలీలో గుబ్బియో దగ్గర వేలెడంత కూడా లేని బంకమట్టి పొరలో ఇరీడియం అనే లోహం ఎక్కువగా ఉందని చూపారు. భూమి పైపొరలో అది అరుదు, ఉల్కల్లో మామూలు. 1991కి మెక్సికో తీరంలో చిక్సులూబ్ గొయ్యి దొరికింది. సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు. విజయనగరం నుంచి ఇచ్ఛాపురానికి తిన్నగా గీత గీస్తే ఇంచుమించు అంత.

ఇద్దరిలో ఎవరు దోషి? 2019లో రెండు బృందాలు ఒకే పత్రికలో దక్కన్ లావా తేదీలు ప్రకటించాయి. పెద్ద పొంగు ఉల్క ఢీకి కాస్త ముందే అని ఒకరు, ఎక్కువ లావా ఢీ తర్వాతే అని ఇంకొకరు. నా మటుకు నాకు ఉల్క వైపే సాక్ష్యం గట్టిగా ఉందనిపిస్తుంది. అది పడ్డ చోట గంధకం నిండిన రాళ్ళున్నాయి. ఆ పొగ, మసి సూర్యుణ్ణి కప్పేసి, మొక్కకి ఎండ లేకుండా చేసింది. ఆకు తినేది పోయింది, దాన్ని తినేదీ పోయింది. కానీ అంతకుముందే లావా వాయువులతో వాతావరణం అటూ ఇటూ ఊగుతూ ఉంటే ఒక దెబ్బ రెండు దెబ్బలైనట్టే. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో. మొదటిదానికి వంగిన తోట రెండోదానికి ఎలా ఉంటుందో ఉద్దానం జీడి రైతుని అడగండి.

డైనోసార్లు పూర్తిగా పోలేదు, అదొకటి మరిచిపోతాం. టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద గూడు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు అన్నీ డైనోసార్ల వంశమే. వాటిని మనవాళ్ళు సైబీరియా పక్షులంటారు, పేపర్లూ అలాగే రాస్తాయి. నిజానికి అవి దక్షిణాసియా పక్షులే. సైబీరియా మన దగ్గరికి రావడం మాత్రం అబద్ధం కాదు, అక్కడ అప్పుడు జరిగిందాన్నే మనం ఇక్కడ చిన్న ఎత్తున రోజూ చేస్తున్నాం.

చిన్న ఎత్తునా, పెద్ద ఎత్తునా? ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే రెండు వైపులా అతిశయోక్తి ఉంది. తాల్చేరు రకం బొగ్గు టన్ను మండితే టన్నున్నర దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బొగ్గు కంటే పొగ బరువెక్కువ ఎలాగంటే, బొగ్గులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుంది కాబట్టి. ప్రపంచం మొత్తం ఇంధనాలు కాల్చి ఏటా వదిలేది సుమారు 3,700 కోట్ల టన్నులు, ఇప్పటి అగ్నిపర్వతాలన్నీ కలిపి వదిలేదానికి దాదాపు వంద రెట్లు. అయినా 1850 నుంచి మనం వదిలిందంతా కలిపినా, సైబీరియా వదిలిన మొత్తం అంతకు పదుల రెట్లుంటుంది. మొత్తంలో మనం దాని దరిదాపుల్లో లేము. వేగంలో మాత్రం దాన్ని దాటేశాం. సైబీరియా బట్టీ వేల ఏళ్ళు తీసుకున్న పనిలో మనం రెండు వందల ఏళ్ళలో చాలా దూరం వచ్చాం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకి 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది.

వేగానికి అంత ప్రాధాన్యం ఎందుకంటే వంశధారని చూడండి. ఏడాది వాన నాలుగు నెలల్లో పడితే పంట. అదే వాన రెండు రోజుల్లో పడితే ఊరు ఖాళీ. నీళ్ళు అవే. కార్బన్ డయాక్సైడ్‌ని భూమి తట్టుకోగలదు. వాన రాళ్ళని అరగదీసి, ఆ ఖనిజాల్ని నదులు సముద్రానికి చేర్చి, ఆమ్లాన్ని విరిచేస్తాయి. కాకపోతే ఆ పనికి వేల ఏళ్ళు, లక్షల ఏళ్ళు కావాలి. అంత వ్యవధి ఇవ్వకపోతే ఆమ్లం పేరుకుంటుంది. ఇప్పటికే సముద్రం పైనీళ్ళ ఆమ్లత 30 శాతం దాకా పెరిగింది. మహా మరణం నాడు వేడి, ఆమ్లం, ఆక్సిజన్ లేమి మూడూ కలిసొచ్చినట్టే ఇప్పుడూ మూడూ కలిసే పెరుగుతున్నాయి, మోతాదు ఇంకా చాలా తక్కువ.

‘ఆరో వినాశనం వచ్చేసింది’ అనే హెడ్డింగులు నాకు అందుకే సగమే ఒప్పుతాయి. 1500వ సంవత్సరం నుంచి పోయినట్టు ఖాయంగా నమోదైన జాతులు సుమారు తొమ్మిది వందలు. నాలుగింట మూడొంతులకీ దీనికీ పోలికే లేదు. అలాగని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ముప్పులో ఉన్నవన్నీ ఒక శతాబ్దంలో పోయి, ఆ వేగం అలాగే సాగితే, కప్పలు, పక్షులు, క్షీరదాలు 240 నుంచి 540 ఏళ్ళలో ఆ ఐదింటి స్థాయికి చేరతాయని 2011లో బర్నోస్కీ బృందం లెక్కగట్టింది. మెయ్‌షాన్ రాళ్ళ మీద చూస్తే ఐదు వందల ఏళ్ళు ఒక గీత మందం కూడా ఉండదు.

అప్పుడు లేనిది ఇప్పుడు ఇంకోటుంది. జాతుల్ని పోగొట్టడానికి మనకి లావా అక్కర్లేదు. మా చిన్నప్పుడు ఊరి బయట పశువు పడితే గంటలో రాబందులు దిగేవి. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూది కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చనిపోయేది. 1990ల మొదటి నుంచి 2007 లోపు దేశంలో తెల్లనడుము రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. పశువైద్యంలో ఆ మందు 2006లో నిషేధించారు. వందల లక్షల పక్షుల్ని దింపేసింది చౌక సూదిమందు.

బతికి బట్టకట్టేవి ఏవన్నది కూడా పాత చరిత్రలో ఉంది. మహా మరణం తర్వాత నేల మీద రాజ్యమేలింది లిస్ట్రోసారస్ అనే పంది సైజు జంతువు. కొన్నిచోట్ల ఆ కాలపు వెన్నెముక జంతువుల శిలాజాల్లో సగానికి పైగా ఇదొక్కటే. మన దేశంలో దామోదర్ లోయలో దొరికింది. పులీ కాదు, సింహమూ కాదు. దొరికిన మొక్కనల్లా తిని, ఎక్కడ పడితే అక్కడ ఉండగలిగేది. తంపర నీళ్ళని కప్పేసే గుర్రపుడెక్క, బస్టాండులో ఎలుక, కాకి, పావురం, ఇవి మన లిస్ట్రోసారస్‌లు. పగడాలు, అడవులు మళ్ళీ పూర్తిగా నిలదొక్కుకోడానికి యాభై లక్షల నుంచి కోటి ఏళ్ళు పట్టింది. ఇది ‘ప్రకృతి తేరుకుంటుందిలే’ అనేవాళ్ళకి చెప్పాల్సిన మాట. తేరుకుంటుంది, ఎదురుచూసేది మనం కాదు.

కళింగపట్నం, బారువ తీరాలకి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట వస్తాయి. ఒక్కోటి ఇసుకలో గుంత తీసి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. ఉల్క పడ్డ రోజున వీటి పూర్వీకులు సముద్రంలో ఉన్నాయి, బతికాయి. ఆ తర్వాత సముద్రాలు పెరిగాయి, తగ్గాయి, తీరాలు మారాయి. ప్రతి మార్పుకీ వాటికి వేల తరాల వ్యవధి దొరికింది. గుడ్డులోది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. ఓ ముప్ఫై డిగ్రీల దగ్గర సగం సగం, అంతకు ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైతే ఇంచుమించు అన్నీ ఆడవే. ఆస్ట్రేలియా ఉత్తరాన పగడపు దిబ్బల దగ్గర పెరుగుతున్న ఆకుపచ్చ తాబేలు పిల్లల్లో నూటికి 99 ఆడవేనని 2018లో తేలింది. పుట్టిన పిల్ల పెద్దదై గుడ్లు పెట్టడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. ఇప్పటి వేడికి వాటి దగ్గరున్న వ్యవధి ఒకటి రెండు తరాలు. గుడ్లు ఏరి భద్రపరిచే చోట్ల కొందరు ఇప్పుడు ఆ గుంతల మీద కర్రలు పాతి, కూరగాయల నర్సరీల్లో వేసే ఆకుపచ్చ వల నీడకి కడుతున్నారు.